చెవి మిషన్ సంగతి ఇంటర్వ్యూకు ముందే చెప్పాలా?

సిద్ధవటం దగ్గరి ఒక పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరమిది. పేరు వద్దంది. చాలా పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు కుదించి ఇస్తున్నాను.

తొమ్మిదేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తగ్గిపోయింది. మిషన్లు పెట్టుకుంటే గదిలో ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట తెలుస్తుంది. ఫోన్లో మాట్లాడితే సరిగా తెలియదు. గాలి తోలుతున్నా, ఎవరైనా వెనక నుంచి పిలిచినా అసలు తెలియదు. సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛనీ వస్తోంది. యోగి వేమన యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మే చేసింది. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరింది. చెవి సంగతి చెప్పకుండానే చేరింది. కొన్ని నెలలకు బయటపడింది. వెనక బెంచీ పిల్లలు కావాలని పెదాలు మాత్రమే ఆడించి ఏడిపించారట. హెడ్మాస్టరు పిలిచి, "ముందే చెప్పి ఉంటే తీసుకునేవాళ్లమే కాదు గదమ్మా" అన్నాడట. ఎండాకాలం సెలవుల తర్వాత మళ్లీ రమ్మనలేదు.

ఇప్పుడు పాత కోటలు, గుళ్లు, అడవులు కాపాడే పని చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్ ఉద్యోగం పడింది. స్కూలు పిల్లలను సిద్ధవటం కోటకు, గండికోటకు తీసుకుపోయి చూపించడం, ఊళ్లలో మీటింగులు పెట్టడం, లంకమల అడవిలో సర్వే చేసేవాళ్లకు సాయంగా ఉండడం పని. నెలకు ఇరవై రెండు వేలు, ఏడాది కాంట్రాక్టు. ప్రకటనలో "మహిళలు, వికలాంగులు, గిరిజనులు, ఇంట్లో మొదటి తరం చదువుకున్నవాళ్లు తప్పకుండా దరఖాస్తు చేయండి" అని రాశారు. ఫారంలో ఒక గడి ఉంది: ఇంటర్వ్యూకు గానీ పనికి గానీ మీకు ఏవైనా సదుపాయాలు కావాలా? ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది. మొదటి రౌండు ఫోన్లో జరిగింది. స్పీకరు పెట్టి, చెల్లెలు పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నా నోటుబుక్కులో రాసిస్తుంటే చదివి జవాబులు చెప్పింది. సెలెక్టయింది. రెండో ఇంటర్వ్యూ కడపలో, ఎదురెదురుగా.

వాళ్ల నాయన, "ఇప్పుడు చెప్పి చెడగొట్టుకోవద్దు, అసలు ఈ ఉద్యోగమే వద్దు, నంద్యాలకు పోయి బ్యాంకు కోచింగ్ తీసుకో, వికలాంగులకు పీహెచ్ కోటా ఉంది గదా" అంటాడు. అన్న, "ప్రాజెక్టు డబ్బులు అయిపోతే ఇంటికి పంపిస్తారు" అంటాడు. అమ్మ మాత్రం ఒకే మాట అంటోందట: ఆ రోజు జుట్టు చెవుల మీదికి దువ్వుకో.

ఆమె అడిగినవి ఇవి. ఫోన్ రౌండులో నేను చేసింది మోసమా? ఇప్పుడు చెబితే పోతుందా, చెప్పకపోతే తర్వాత మళ్లీ అదే అవమానమా? ఆ ప్రకటనను నమ్మొచ్చా? ఒకవేళ చెవి చూసి తీసుకుంటే అది నా గెలుపు అవుతుందా? చివర, "మీరు మా అత్త వయసు వాళ్లు, నువ్వు అనే రాయండి" అంది.

అట్లాగే రాస్తాను.

మోసం సంగతి ముందు తేల్చేద్దాం, అది పెద్ద విషయం కాదు. ప్రశ్నలు నీకు అందేలా చేసుకున్నావు, జవాబులు నీవే. చెల్లెలు జవాబు చెప్పి ఉంటే మోసం అయ్యేది. ఆ గడిలో "ఫోన్ ఇంటర్వ్యూ బదులు ఎదురుగా, లేదా రాతలో" అని రాసి ఉంటే వాళ్లు చేయాల్సిన ఏర్పాటునే నువ్వు ఇంట్లో చేసుకున్నావు. ఇంకొక్కసారి కూడా దాని గురించి బాధపడొద్దు.

అసలు చూడాల్సింది వేరే. నీ ఉత్తరంలో చెవి గురించి రెండు పేజీలు ఉంది, ఉద్యోగంలో చేయాల్సిన పని గురించి ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లను మనం పొడిగిద్దాం. ఎందుకంటే చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆ పనిని బట్టే తేలుతుంది.

కోట దగ్గర మొదలుపెడదాం. సిద్ధవటం కోట పెన్న ఒడ్డున ఉంది, గండికోట లోయ అంచున ఉంది. రెండు చోట్లా గాలి. మిషన్ మైకులో గాలి దూరితే హోరు తప్ప ఏమీ వినబడదని నీకు నాకంటే బాగా తెలుసు. నలభై మంది పిల్లలు, అందులో ఒకడు వెనక నుంచి ఏదో అడుగుతాడు. స్కూల్లో జరిగిందే మళ్లీ జరుగుతుందని నీ భయం. అయితే స్కూల్లో నీకు ఏ ఏర్పాటూ లేదు. ఎవరికీ తెలియదు కాబట్టి అడిగే వీలూ లేదు. ఇక్కడ కథ చెప్పే చోటును నువ్వే ఎంచుకోవచ్చు. బురుజు మీద నిలబెట్టకుండా కోట వాకిలి లోపల, గోడ చాటున కూర్చోబెట్టు. ప్రశ్న ఉన్నవాడు ముందుకొచ్చి అడగాలని పెట్టు. మిషన్‌కు కలిసే చిన్న రిమోట్ మైకులు దొరుకుతాయి. అడిగే పిల్లవాడి చేతికి అది ఇస్తే మాట నేరుగా నీ చెవిలో పడుతుంది. ధర ఎక్కువే, కాబట్టి సంస్థను అడగాల్సిన వస్తువుల్లో అది మొదటిది. ఫోన్లో మాటను అక్షరాలుగా చూపించే గూగుల్ యాప్ తెలుగులోనూ పనిచేస్తుంది. మన సీమ యాసను అది ఏమేమో చేసి చూపిస్తుంది, నవ్వుకోడానికైనా బాగుంటుంది. కానీ సిగ్నల్ లేని చోట దాని మీద ఆధారపడొద్దు.

ఇంకో సంగతి. ఈ కోటలు రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అట్లాంటి కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. స్వచ్ఛంద సంస్థ తనంతట తాను పోయి కోటలో ఒక రాయి కూడా సరిచేయలేదు. మరి చేసే పనేమిటి? చూడడం, రాయడం, చెప్పడం. గోడలో రావి మొక్క ఎక్కడ వేరు దింపింది, పోయిన వానలకు ఏ పక్క రాళ్లు జారాయి, ఎవరు పేర్లు చెక్కారు, ఫొటో తీసి తేదీ వేసి శాఖకు పంపడం. ఇందులో చాలా భాగం కంటితో, చేతితో చేసే పని. హిస్టరీ చదివి, మట్లి రాజుల కోట పక్కనే పెరిగిన మనిషి కంటే దీనికి ఎవరు కావాలి వాళ్లకు?

లంకమల పని గురించి నువ్వు "సర్వే, నాకు కుదరదేమో" అని ఒక ముక్క రాసి వదిలేశావు. నేను వదలను. అక్కడ వెతికేది ముఖ్యంగా కలివి కోడి అనే అరుదైన పక్షిని. 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాసి ఉన్న రికార్డు తర్వాత ఎనభై ఐదేళ్లు అది ఎవరికీ కనబడలేదు, పోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ అచ్చేసి ఊళ్లలో పంచారు. 1986 జనవరిలో మీ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని రాత్రిపూట లైటు వేసి పట్టుకున్నది ఐతన్న. పక్షులు పట్టి బతికే మనిషి. ఆ రోజు ఉద్యోగ ప్రకటన వేసి, డిగ్రీ అడిగి, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ పెట్టి ఉంటే ఐతన్న ఫారం కూడా నింపేవాడు కాదు. "అందరూ దరఖాస్తు చేయండి" అన్న లైను దయతో రాసేదని చాలామంది అనుకుంటారు. ఈ రంగంలో అది అవసరం కొద్దీ రాయాల్సిన లైను.

ఆ పక్షి రాత్రి తిరుగుతుంది, పగలు పొదల్లో నక్కి ఉంటుంది. దాన్ని వెతకడానికి రెండు దార్లు. ఒకటి, పొద్దు కుంకాక కాసేపు అది కూసే కూత కోసం చెవి పెట్టడం. అది నీ వల్ల కాదు. మిషన్ పెట్టుకున్నా శబ్దం ఏ పక్క నుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం. రెండోది, ముళ్ల పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే పోయి వాటి మీద పడిన అడుగులు చూడడం. దానితోపాటు ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు పెట్టడం. 2000 తర్వాత జరిగిన పరిశోధనల్లో ఈ మట్టి పట్టీలే బాగా ఉపయోగపడ్డాయి. మీ జేజినాయన మేకలు తోలుకుని లంకమల కిందికి పోయేవాడనీ, ఏ అడుగు ఏ జంతువుదో నీకు చిన్నప్పుడే నేర్పాడనీ ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, ఏదో మాటకు రాశావు. ఇంటర్వ్యూలో మొదట చెప్పాల్సిన మాట అది తల్లీ.

కానీ ఆ అడవిలో ఎలుగుబంట్లున్నాయి. చీకట్లో వెనక నుంచి వచ్చే అలికిడి నీకు వినబడదు, "ఆగు" అని ఎవరైనా అరిచినా వినబడదు. దీన్ని దాచి రాత్రి సర్వేకు పోతే ప్రమాదం నీతో పాటు పక్కన నడిచేవాళ్లకు కూడా. జత మనిషి, టార్చి సైగలు, నువ్వు నడవాల్సిన వరస, ఇవన్నీ ముందే అనుకుని పోవాలి. అందుకే నాలుగు దార్లలో ఒకదాన్ని మాత్రం నేను వద్దంటాను: చేరిన తర్వాత కూడా చెప్పకపోవడం. మిగతా మూడూ నీ ఇష్టం, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

ఇంటర్వ్యూకు ముందే చెప్పడం ఒకటి. రెండు లైన్ల మెయిలు చాలు. "నాకు రెండు చెవులకూ వినికిడి తక్కువ, మిషన్లు వాడతాను. ఫ్యాను శబ్దం లేని గదిలో, అడిగేవాళ్లు నాకు ఎదురుగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే నాకు ఇబ్బంది ఉండదు." అంతే. జ్వరం కథ వద్దు, సర్టిఫికెట్ శాతం వద్దు, "దయచేసి అర్థం చేసుకోండి" అసలే వద్దు. దీనివల్ల వచ్చే నష్టం ఏమిటంటే, వాళ్లు మనసులో నిన్ను పక్కన పెట్టేసి ఇంటర్వ్యూ మాటవరసకు చేయొచ్చు. నీకు అది ఎప్పటికీ తెలియదు కూడా. లాభం ఏమిటంటే, ఆ అరగంట నీ బుర్ర పెదాలు చదవడంలో కాకుండా జవాబుల మీద ఉంటుంది.

గదిలోకి పోయాక చెప్పడం రెండోది. మనిషిని చూశాక, మాట కలిశాక చెబితే పక్కన పెట్టడం వాళ్లకు అంత సులువు కాదు. కానీ ఆ గదిలో ఏసీ హోరు, నలుగురు ఒకేసారి మాట్లాడడం ఉంటే అప్పటికప్పుడు ఏమీ మార్చలేరు. సగం ప్రశ్నలు పోతాయి.

ఆఫర్ చేతికొచ్చాక, చేరేలోపు చెప్పడం మూడోది. మీ నాయనకు నచ్చేది ఇదేననుకుంటా. ఇదీ తప్పు కాదు. చెవి వల్ల కాదంటే అప్పుడు కారణం స్పష్టంగా కనబడుతుంది, అడగడానికి నీకు ఆధారం ఉంటుంది. కానీ "ఫారంలో గడి ఇచ్చాం గదా, ఎందుకు రాయలేదు?" అని వాళ్లు అనొచ్చు. ఆ అలకతో మొదలైతే మొదటి నెలలు బిగుసుకుపోయి ఉంటాయి. నన్నడిగితే నేను మొదటిదే ఎంచుకుంటాను. ధైర్యం కోసం కాదు, ఆ సంస్థ ఎట్లాంటిదో డబ్బు ఖర్చు లేకుండా తెలుసుకోడానికి.

ప్రకటనను నమ్మొచ్చా అన్నదానికి జవాబు కూడా అందులోనే ఉంది. ఆ మెయిలుకు వాళ్లు ఏమని తిరిగి రాస్తారో చూడు. "సరే, గది మారుస్తాం, ఇంకేమైనా కావాలా?" అంటే ఒక రకం. "మీరు ఫీల్డు వర్కు చేయగలరా?" అని మాత్రమే అంటే ఇంకో రకం. ఏమీ రాయకపోతే అదీ జవాబే. ఇంటర్వ్యూ చివర వాళ్లు "మీరేమైనా అడుగుతారా" అంటారు. అప్పుడు, ఇట్లా ఏర్పాట్లతో ఇప్పుడు మీ దగ్గర ఎవరైనా పని చేస్తున్నారా, వాళ్లు ఏ పనిలో ఉన్నారు అని అడుగు. ఆఫీసులో కూర్చోబెట్టి ఫొటోలకు పిలిచే పని అయితే ఆ జవాబులో తెలిసిపోతుంది.

చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అది నేరుగా చెబుతుంది, నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తుంది, అందులో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవాళ్లకు. ప్రైవేటు సంస్థల విషయంలో అంత గట్టి మాట లేదు. అయితే ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఏ ఉద్యోగాలు ఎవరికి తగినవి, ఏ సదుపాయాలు ఇస్తారు అన్నది కూడా అందులో ఉండాలి. ఆ కాగితం చూపించమని మర్యాదగా అడగొచ్చు. తీసుకోకపోతే కేసు వేస్తానని మాత్రం అనుకోవద్దు, ఆ దారి నీకు పెద్దగా అన్నం పెట్టదు.

"చెవి చూసి తీసుకుంటే" అన్న నీ చివరి ప్రశ్న. బ్రిటన్‌లో 2016 నుంచి డిసబిలిటీ కాన్ఫిడెంట్ అని ఒక పథకం నడుస్తోంది. అందులో ముందుకొచ్చిన సంస్థలు ఉద్యోగానికి కావాల్సిన కనీస అర్హతలున్న వికలాంగులను ఇంటర్వ్యూకు పిలుస్తామని మాటిస్తాయి. ఉద్యోగం ఇస్తామని కాదు, పిలుస్తామని. నీకు జరిగింది అంతకంటే తక్కువ. ఫోన్ రౌండు దాటినప్పుడు వాళ్లకు నీ చెవి సంగతే తెలియదు. ఇంక ఎవరి చోటు లాక్కున్నావు నువ్వు?

ఇక ఇల్లు. మీ అమ్మ జుట్టు దువ్వుకోమన్నది ఇంటర్వ్యూ కోసం కాదని నాకనిపిస్తోంది. ప్రొద్దుటూరు సంబంధం మాటల్లో ఉందని, వాళ్లకు "కొంచెం తక్కువ వినబడుతుంది" అని మాత్రమే చెప్పారని నువ్వే రాశావు. నువ్వు కోట మీద మైకు పెట్టుకుని పిల్లలకు కథలు చెబుతుంటే జిల్లా అంతా చూస్తుంది, అమ్మ భయం అదీ. దాన్ని ఉద్యోగం పేరు మీద వాదిస్తే తేలదు. ఉన్నది ఉన్నట్టు ఆ ఇంటివాళ్లకు చెప్పేది ఎప్పుడు, ఎవరు అని అమ్మను విడిగా కూర్చోబెట్టి అడుగు. పెళ్లయ్యాక తెలిసి వచ్చే మాటలు హెడ్మాస్టరు మాటల కంటే ఎక్కువ కాలం పడాల్సి వస్తుంది. ఆ మాట అమ్మకు చెప్పడం నాయన కంటే నీకే సులువు.

నాయన నంద్యాల మాట కొట్టిపారేయొద్దు. బ్యాంకు ఉద్యోగం అంటే జీవితకాలం భద్రత, నీకు కోటా ఉన్నది నిజం. కానీ తొందర లేదు. బ్యాంకు క్లర్కు పరీక్షకు మామూలుగా ఇరవై ఎనిమిదేళ్లు హద్దు అయితే, వికలాంగులకు ఇంకో పదేళ్ల సడలింపు ఉంది. ఏడాదో రెండేళ్లో ఇక్కడ పనిచేసినా ఆ తలుపు మూసుకోదు. కాకపోతే అడవిలో తిరిగి వచ్చి రాత్రిపూట రీజనింగ్ లెక్కలు చేయడం కష్టం, రెండూ ఒకేసారి మోయగలనని అనుకోవద్దు. నీకు కోటల మీద నిజంగా మనసు లేకుండా, ఇంట్లోంచి బయటపడడానికే ఈ ఉద్యోగం అనుకుంటుంటే, నంద్యాల కూడా బయటే గదా. అది ఒక్కసారి నిన్ను నువ్వు అడుగు.

మీ అన్న చెప్పింది నిజమే. ఇట్లాంటి సంస్థల డబ్బు చాలావరకు దాతల నుంచి, కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ నిధుల నుంచి వస్తుంది, ప్రాజెక్టు అయిపోతే పోస్టు అయిపోవచ్చు. నిధులు ఎన్నాళ్లకు ఉన్నాయి, ఏడాది తర్వాత పొడిగింపు ఎవరు, దేన్ని బట్టి తేలుస్తారు అని అడగడంలో తప్పు లేదు, వాళ్లు కూడా ఆ ప్రశ్నకు అలవాటు పడినవాళ్లే. పింఛనీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇప్పుడు నెలకు వచ్చే ఆరు వేలకు కుటుంబ ఆదాయ పరిమితి ఉంది, ఇరవై రెండు వేల జీతం వస్తే అది నిలబడుతుందో లేదో చేరకముందే మీ ఊరి సచివాలయంలో కనుక్కో. పోతుందనే లెక్క వేసుకుని చూడు, అప్పుడు చేతికి అదనంగా మిగిలేది పదహారు వేలే. అందులో బండి ఖర్చు కూడా నీదే అయితే ఇంకా తగ్గుతుంది. సంతకం పెట్టేముందు పీఎఫ్ ఉందా, ఫీల్డుకు పోయిన రోజు ప్రయాణ ఖర్చు ఎవరిది, రిమోట్ మైకు ఎవరు కొంటారు అన్నవి కాగితం మీద ఉండేలా చూసుకో. కడప ఎండల్లో చెమటకు మిషన్లు తరచూ మొరాయిస్తాయి. రిపేరుకు ఇచ్చిన రోజుల్లో నీకు ఆఫీసు పని ఇస్తారా, సెలవు కింద కోస్తారా అన్నది కూడా అప్పుడే అడుగు.